చెవులు మూసుకుని తోసిన బస్సు

ఊళ్ళోవాళ్ళ భయాలు పోగొట్టడం నేను చేసిన ఉద్యోగం. నా సొంత భయం ఒకటి మాత్రం నాతోపాటే రిటైరై ఇంటికొచ్చింది. గోడ మీద బల్లి కనిపిస్తే ఇప్పటికీ నేను ఆ గదిలో నిలవను. నవ్వుకోండి, పరవాలేదు. నా పక్క గది టీచరు ఉద్యోగమంతా నవ్విన నవ్వు ముందు మీ నవ్వెంత!

తమిళనాడులోని ధర్మపురిలో ఆటిజం ఉన్న పిల్లల కోసం నడిచే ఒక చిన్న కేంద్రంలో నేను మనస్తత్వ నిపుణురాలిగా ఉండేదాన్ని. అది తలుపు మీద రాసిన పేరు. పల్లెల నుంచి వచ్చే తల్లులకు మాత్రం నేను బొమ్మల టీచరమ్మను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేల మీద చతికిలబడి బొమ్మలతో ఆడేదాన్ని ఇంకేమంటారు? ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీరంతా నాకన్నా బాగా చదువుకున్నవాళ్ళు. మీకు పాఠం చెప్పే సాహసం చేయను. ఒక పాప సంగతి చెబుతాను. మాది సోగత్తూరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ పాప ఇల్లూ అలాంటిదే. అందుకే మా తాత పలక మీద దిద్దించిన తెలుగు అక్షరాలకు ఇన్నాళ్ళకు పని పెట్టాను.

ముందు నా పక్క గది టీచరు గురించి చెప్పాలి. పిల్లలకు మాటలు నేర్పడం ఆమె పని. సేలం వైపు తమిళ పిల్ల. నాకన్నా చాలా చిన్నది, నోరు మాత్రం చాలా పెద్దది. నా బల్లి భయాన్ని మా పద్ధతిలోనే, మెట్టు మెట్టుగా, పోగొడతానని ఒకసారి పంతం పట్టింది. మొదట బల్లి బొమ్మ గీసి నా టేబుల్ మీద పెట్టింది. సరే అని ఓర్చుకున్నాను. తర్వాత ఫోన్లో బల్లి వీడియో చూపించింది. పళ్ళు బిగబట్టి చూశాను. మూడో మెట్టు ఎక్కించే తొందరలో రబ్బరు బల్లిని నా టిఫిన్ డబ్బాలో చింతపండు అన్నం మీద పడుకోబెట్టింది. ఆ రోజు అన్నమూ లేదు, ఆమెతో మాటలూ లేవు. ఆ తర్వాత కొన్నాళ్ళు నేను డబ్బా మూత తీయాలంటే ఎవరినైనా పిలిచేదాన్ని. భయం పోగొట్టేటప్పుడు తొందరపడితే ఏమవుతుందో అప్పుడే నాకు తెలిసి ఉండాల్సింది.

పాప వాళ్ళది హరూరు దారిలో ఒక పల్లె. ఆరేడేళ్ళ పిల్ల. వాళ్ళ నాయన మేస్త్రీ, గోడలు కడతాడు. రోజూ మోపెడ్ మీద ఆమెను ముందు నిలబెట్టుకుని తెచ్చేవాడు. పాప ఎవరినీ తాకనిచ్చేది కాదు. కౌగిలించుకుంటే కీచుమనేది. కానీ మోపెడ్ మీద మాత్రం తల వెనక్కి వాల్చి వాళ్ళ నాయన గుండెకు గట్టిగా ఆనించేది. కేంద్రం గేటు దగ్గర బండి ఆగినా తల తీసేది కాదు. అతను కూడా తొందరపెట్టేవాడు కాదు. ఇంజను ఆపి అలాగే కూర్చునేవాడు.

ఏడాదిలో పాప చాలా దూరం వచ్చింది. కావాల్సినదాన్ని వేలితో చూపించడం నేర్చుకుంది. "నీళ్ళు" అంది. "వద్దు" అంది. ఆ "వద్దు" విన్న రోజు నా పక్క గది టీచరు ఆఫీసంతా తిరిగి అందరికీ టీ పోయించింది. వద్దనడం వచ్చిన పిల్లకు అరవాల్సిన పని సగం తగ్గుతుంది.

అలాంటి సమయంలో ఒక రోజు వాళ్ళ నాయన నా గది గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"మేడం, ఈడ పనులు లేవు. బెంగళూరులో పెద్ద బిల్డింగు పని వచ్చినాది. మామిడికాయల కాలం అయిపోయేలోపల రమ్మంటా ఉండారు."

"మంచిదే కదప్పా. పోయిరా. పాపను వాళ్ళమ్మ తెస్తుంది."

"ఎట్ల తెస్తాది మేడం? ఆమెకు బండి రాదు. బస్సులో తేవల్ల. ఈ బిడ్డ బస్సెక్కదు. ఎక్కిస్తే ఊరు చేరేదాకా అరుస్తాది. ఒక తూరి ఎక్కించి సగం దారిలో దించేసినారు." చేతులు నలపడం ఆపి నా వైపు చూశాడు. "నేను పోతే ఇదంతా నిలిచిపోతాది. పోకపోతే ఇల్లు నిలిచిపోతాది. నువ్వే చెప్పు మేడం, ఏం చెయ్యల్ల?"

నేను గొప్పగా అన్నాను: "మామిడి కాలం అయ్యేలోపల పాపను బస్సెక్కిస్తాను. పో."

ఎందుకంత ధైర్యమంటే, మా చదువులో అందరూ చదివే పాత ప్రయోగం ఒకటుంది. కుందేలును చూస్తే ఏడ్చే ఒక పిల్లవాడికి ఇష్టమైన తిండి పెట్టి, కుందేలును గదికి ఆ చివర ఉంచారు. వాడు తింటుండగా రోజూ కొంచెం కొంచెం దగ్గరికి జరిపారు. చివరికి వాడు తింటూనే కుందేలును నిమిరాడు. తిండి ఇచ్చిన సంతోషం మెల్లగా కుందేలుకు అంటుకుందన్నమాట. అయితే తొందరపడితే కథ తిరగబడుతుంది, కుందేలు భయమే తిండికి అంటుకుంటుంది. ఈ హెచ్చరికను నేను పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

పాపకు ఇష్టమైన తిండి తేనె మిఠాయి. ఎర్రగా, గుండ్రంగా, కొరికితే పాకం కారేది. మిఠాయి పెడుతూ మొదట బస్సు ఫొటో చూపించాం. తర్వాత బొమ్మ బస్సు ఇచ్చాం. తర్వాత డిపోలో బతిమాలి, మధ్యాహ్నం ఖాళీగా నిలబడ్డ బస్సులోకి ఎక్కించాం. పాప అరుస్తుందని మేం బిక్కుబిక్కుమంటుంటే ఆమె సీట్లన్నీ తట్టి చూసి, కిటికీ కడ్డీని నాకింది. నా పక్క గది టీచరు "అక్కా, మిఠాయి కన్నా కడ్డీ నచ్చినట్టుంది" అంది. నేను ఆకాశంలో తేలాను.

మరునాడే తల్లితో సహా నిజం టౌన్ బస్సు ఎక్కించాను. ఎక్కడం ఎక్కింది. కూర్చోవడం కూర్చుంది. బస్సు కదలబోయేసరికి పెట్టింది చూడండి కేక! ఒక ముసలాయన చేతిలో కోడి కూడా ఎగిరి డ్రైవరు పక్కన పడింది. నేను కంగారులో, కేకకు తెరిచిన నోట్లో మిఠాయి కుక్కాను. ఒకటి కాదు, పొట్లంలో ఉన్నన్ని. మమ్మల్ని తర్వాతి స్టాపులో దించేశారు.

ఆ తర్వాత పాప మిఠాయి పొట్లం చూస్తే చాలు, టేబుల్ కింద దూరేది. తల్లి మంచి మనిషి, గట్టిగా కూడా అనలేదు. "ఒక్క మిఠాయి అయినా సంతోషంగా తింటా ఉండె మేడం. అదీ పోయె" అంది. నా పక్క గది టీచరు మాత్రం వదల్లేదు. "పోనీలే అక్కా. బస్సు భయం పోకపోయినా పళ్ళు పుచ్చిపోయే భయం పోయింది కదా."

ఖాళీ బస్సంటే భయం లేదు. కదిలే బస్సంటే భయం. అయితే కదలికే భయమని తేల్చేశాం. ఉయ్యాల ఊపాం. హాయిగా ఊగింది. ఆటోలో తిప్పాం. ఆటోవాడి అద్దంలో తన ముఖం చూసుకుంటూ కిలకిలా నవ్వింది. మాకు ఏమీ అంతుపట్టలేదు. సంతలో బంగినపల్లి మామిళ్ళు పోయి, కాలం చివర వచ్చే నీలం కాయలొచ్చేశాయి. వాళ్ళ నాయన రోజూ పాపను దించి, నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా పోయేవాడు. అడిగి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆ రోజుల్లోనే ఒకసారి పాపకు బొమ్మల పరీక్ష పెట్టాం. ఇదీ మా చదువులో పాతదే. ఇద్దరు బొమ్మ పిల్లలు. ఒకతె చింతగింజను డబ్బాలో పెట్టి బయటికి పోతుంది. ఇంకొకతె దాన్ని తీసి బుట్టలో దాస్తుంది. మొదటి పిల్ల తిరిగొచ్చి గింజ కోసం ఎక్కడ వెతుకుతుంది? డబ్బాలో, అంటారు మీరు. దాచింది ఆమె చూడలేదు కదా. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది బుట్టను చూపిస్తారు. తమకు తెలిసింది ఎదుటివాళ్ళకు తెలియకపోవచ్చునన్న ఊహ వాళ్ళకు ఆలస్యంగా వస్తుందని మా పుస్తకాలంటాయి. పాప బుట్టనే చూపించింది. తర్వాత బొమ్మల్ని పక్కకు నెట్టి, చింతగింజల్ని నేల మీద వరుసగా పేర్చుకుంటూ కూర్చుంది. మిఠాయి పోయాక ఆమెకు మిగిలిన ఇష్టం ఆ గింజలే.

"ఎదుటివాళ్ళ తలలో ఏముందో తెలియదు పాపం" అంటూ నా పక్క గది టీచరు బొమ్మలు సర్దుతోంది. పాప గింజల వరుస పక్కన బొమ్మ బస్సు పెట్టింది. రెండు చేతులతో చెవులు మూసుకుంది. మోచేత్తో బస్సును తోసింది. చేతులు తీసేసింది. కాసేపయ్యాక మళ్ళీ చెవులు మూసుకుంది, తోసింది.

ఈ పని ఆమె మా ఎదుట ఎన్నాళ్ళుగానో చేస్తోంది. ముద్దుగా ఉందని ఫోన్లో వీడియో కూడా తీసుకున్నాం. అలవాటు అనుకున్నాం. ఆ పూట మాత్రం నాకు తల మీద మొట్టినట్టయింది. బొమ్మ బస్సుకు శబ్దం లేదు. మరి చెవులెందుకు మూసుకుంటోంది? అదీ తోయడానికి ముందు?

సాయంత్రం వాళ్ళ నాయన వస్తే అడిగాను. "ఏమప్పా, బస్సు కదిలే ముందు ఏమవుతుంది?"

"ఏమవుతాది మేడం? జనాలు ఎక్కుతారు. అంతే. కదుల్తాది."

నా పక్క గది టీచరును అడిగాను. "డ్రైవరు గేరు వేస్తాడు" అంది. అంతకన్నా నాకూ తట్టలేదు.

నేరుగా బస్టాండుకు పోయాను. ఒక స్తంభానికి ఆనుకుని రెండు చెవులూ మూసుకుని నిలబడ్డాను. పూలమ్మే ఆమె "ఏమ్మా, చెవి నొప్పా?" అని అడిగి, నేను వినకపోయేసరికి చేతులు పట్టి లాగింది. చెవులు తెరుచుకున్నాయి. అప్పుడు వినిపించింది. విజిల్. మళ్ళీ విజిల్. అటు విజిల్, ఇటు విజిల్. ప్రతి కండక్టరూ నోట్లో విజిల్ పెట్టుకుని ఊదుతూనే ఉన్నాడు. ఒకసారి ఊదితే ఆగు, రెండుసార్లు ఊదితే పో. మా ఊళ్ళలో బస్సు నడిచేదే దాని మీద. పుట్టినప్పటి నుంచి విని విని మాకెవరికీ అది వినిపించడం మానేసింది. పరాయి ఊరివాళ్ళెవరైనా అయితే మొదటి రోజే చెప్పేవారు. డిపోలో ఖాళీ బస్సుకు కండక్టరు లేడు, విజిల్ లేదు, భయమూ లేదు. పాప మాకు రోజూ చెవులు మూసుకుని మరీ చెబుతుంటే, మేం ఫొటోలని, ఉయ్యాలలని తిరిగాం. ఎదుటివాళ్ళ తలలో ఏముందో ఎవరికి తెలియలేదో మీరే చెప్పండి. బొమ్మల పరీక్ష మాకు పెట్టి ఉంటే ఆఫీసు ఆఫీసంతా బుట్టనే చూపించేది.

మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలు. ఈసారి తొందర లేదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. పాప నా గదిలో కిటికీ పక్కన చింతగింజలు పేర్చుకుంటుంది, నేను పక్కన కూర్చుంటాను, నా పక్క గది టీచరు రోడ్డు వైపు ప్రహరీ అవతలికి పోయి మెల్లగా, వినీ వినబడనట్టు విజిల్ ఊదుతుంది. అది ఏర్పాటు. మెల్లగా అని పది రకాలుగా చెప్పి పంపాను. ఆమె జీవితంలో ఏదైనా మెల్లగా చేసిందా? ఊదిన ఊదుడుకు చెట్టు మీది కాకులు లేచిపోయాయి.

పాప చెవులు మూసుకుంది. నోరు తెరిచింది. అదే క్షణంలో గేటు ముందు పోతున్న టౌన్ బస్సు కీచుమంటూ ఆగింది.

కండక్టరు తల బయటికి పెట్టాడు. "ఎవరు దిగాలి?" ఎవరూ దిగలేదు. చుట్టూ చూశాడు. ప్రహరీ పక్కన విజిల్ నోట్లో పెట్టుకుని మా టీచరు.

"ఏమ్మా, నీకేమైనా పిచ్చా?"

"పిల్లలకు వైద్యం సార్!"

"బస్సును ఆపడమా వైద్యం? నేను వచ్చి నీ క్లాసులో పాఠం చెబితే ఊరుకుంటావా?"

కిటికీలోంచి ప్రయాణికులంతా తలలు పెట్టి తమాషా చూస్తున్నారు. నేను చూస్తున్నది పాపను. ఆమె నోరు తెరుచుకునే ఉంది, కేక మాత్రం రాలేదు. కళ్ళు బస్సు మీదున్నాయి. కండక్టరు విసుక్కుంటూ రెండుసార్లు ఊదాడు. బస్సు పోయింది. పాప ఒక చెవి మీది చెయ్యి తీసింది. వీధి చివరిదాకా బస్సును చూసి, రెండో చెయ్యీ తీసింది. తర్వాత లేచి బయటికి నడిచింది. నేను వెనకే పరిగెత్తాను. పాప తిన్నగా మా టీచరు దగ్గరికి పోయి, ఆమె నోట్లోని విజిల్ లాక్కుని, తన నోట్లో పెట్టుకుంది.

ఎప్పుడు వచ్చి మీద పడుతుందో తెలియని శబ్దం వేరు, మన చేతిలో ఉన్న శబ్దం వేరు. అంతే సంగతి. ఆ వారమంతా మా వరండాలో నేనే బస్సును. పాప రెండు ఊదితే మోకాళ్ళ నొప్పులతో పరిగెత్తాను, ఒకటి ఊదితే ఆగాను. నా పక్క గది టీచరు నా వెనక కొంగు పట్టుకుని ప్యాసింజరు. ఆగినప్పుడల్లా పాప పడీ పడీ నవ్వేది. ఆ నవ్వు కోసం ఇంకో జత మోకాళ్ళయినా అరగదీసుకునేదాన్నే.

ఇక అసలు రోజు. వాళ్ళ పల్లె నుంచి ధర్మపురికి పొద్దుటి టౌన్ బస్సు. పాప, తల్లి, నేను. పాప మెడలో ఎర్ర దారంతో ఆమె విజిల్. వాళ్ళ నాయన నమ్మకం చాలక మోపెడ్ మీద బస్సు వెనకే వస్తున్నాడు. ఎక్కించి, కండక్టరుకు సంగతంతా తమిళంలో చెప్పుకున్నాను. చూస్తే గేటు ముందు తిట్టినాయనే! నన్ను ఎగాదిగా చూశాడు.

"మీరా? నా విజిల్ పని పిల్లకు అప్పగిస్తే నా ఉద్యోగం ఎవరికి అప్పగించాలమ్మా? డ్రైవరు ఎవరి మాట వినాలి?"

"మీరు వేలెత్తండి సార్. అప్పుడే ఊదుతుంది."

ఆయన ఏదో గొణిగాడు. ఇంతలో ఎవరో "పోనియ్యన్నా!" అన్నారు. అంతే, అలవాటు కొద్దీ ఆయన చెయ్యి తన విజిల్ మీదికి పోయింది. పాప రెండు చెవులూ మూసుకుంది. ఈ పూట అరిచిందంటే మళ్ళీ ఈ బస్సు ఎక్కదు, బెంగళూరూ లేదు, కేంద్రమూ లేదు. అద్దంలోంచి వెనక మోపెడ్ కనిపిస్తోంది. తల్లి నా చెయ్యి పట్టుకుంది.

పాప సీటులోంచి లేచింది. ముఖం చిట్లించి కండక్టరు చేతిని కిందికి నెట్టింది. "వద్దు" అంది.

ఆయన పాపను చూశాడు, పాప ఆయన విజిల్ను చూసింది. ఆయన విజిల్ జేబులో వేసుకుని వేలెత్తాడు. "సరే తల్లీ. ఈ రోజు కండక్టరువు నువ్వే. నాకు సెలవు."

పాప రెండు ఊదింది. బస్సు కదిలింది. వెనక మోపెడ్ మీది మనిషి ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ దాదాపు గుంతలో పడ్డాడు. దారిలో ఒక స్టాపులో ఒకటి ఊదాల్సింది పోయి పాప ఉత్సాహంగా రెండు ఊదేసింది. దిగాల్సిన పాల క్యాన్ల ఆయన లబోదిబోమన్నాడు. "కండక్టరమ్మను అడుగు, నన్నడక్కు" అన్నాడు కండక్టరు, టికెట్లు చింపుతూ.

తర్వాత్తర్వాత పాప ఊదాల్సిన పని కూడా లేకపోయింది. ఆమె విజిల్ గుప్పిట్లో ఉంటే చాలు, ఆయన ఊదుకోవచ్చు. తేనె మిఠాయి మాత్రం నా చేతి నుంచి ఈ రోజుకీ తీసుకోదు. వాళ్ళమ్మ పెడితే తింటుంది.

నీలం కాయలు కూడా సంతలో పలచబడ్డాయి. వాళ్ళ నాయన బెంగళూరు పోయే రోజు పాప, తల్లి టౌన్ బస్సులోనే బస్టాండుకు వచ్చారు. నేనూ నా పక్క గది టీచరూ పోయాం. అతను బెంగళూరు బస్సెక్కి, సంచి పైన పెట్టి కిటికీ పక్కన కూర్చున్నాడు.

"పోయొస్తా పాపా."

పాప అతని వైపు చూడలేదు. బస్సు చక్రాన్ని చూస్తోంది. అతను నవ్వడానికి ప్రయత్నించాడు. "దానికేం తెలుస్తాది మేడం. తెలియకపోవడమే మంచిది. ఏడిస్తే నేను పోలేను."

కండక్టరు రెండు ఊదాడు. పాప చెవులు మూసుకోలేదు. బస్సు కదిలి, బయటి గేటు వైపు తిరిగింది. అతని ముఖం కిటికీలో వెనక్కి పోతోంది. అప్పుడు నా పక్కనుంచి వినిపించింది, ఒకటే విజిల్, పొడుగ్గా.

బస్సు ఆగిపోయింది. డ్రైవరు తిట్టడానికి తల బయటికి పెట్టాడు. కండక్టరు "ఎవరది?" అని దిగబోయాడు. అతన్ని తోసుకుంటూ వాళ్ళ నాయన దిగి వచ్చి, పాప ముందు గొంతుక్కూర్చున్నాడు. పాప అతన్ని కౌగిలించుకోలేదు. వెనక్కి తిరిగి, వీపు అతని వైపు పెట్టి, తల వెనక్కి వాల్చి అతని గుండెకు గట్టిగా ఆనించింది. మోపెడ్ మీద ఆనించినట్టే. అతను కదల్లేదు. తిట్టబోయిన డ్రైవరు నోరు మూసుకుని స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నాడు. వెనక ఇంకో బస్సు హారన్ కొడితే, కొట్టనీ అన్నట్టు ఊరుకున్నాడు.

కాసేపటికి పాప తల ఎత్తింది. నాయన లేచి, వెనక్కి చూస్తూ చూస్తూ బస్సెక్కాడు. కండక్టరు తన విజిల్ నోటిదాకా తెచ్చి, ఏమనుకున్నాడో, దించేశాడు. పాప తన విజిల్ నోట్లో పెట్టుకుని రెండుసార్లు ఊదింది.

డ్రైవరు గేరు వేశాడు.